చచ్చిన గుర్రం లేచొచ్చింది, అయితే ఏంటి?

పోయిన ఎండాకాలం ఒక ఆదివారం పొద్దున అబిడ్స్ వెళ్ళాను. ఆదివారం అక్కడ షాపులన్నీ షట్టర్లు దించేసి ఉంటాయి కదా, ఆ షట్టర్ల ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరిచేస్తారు. ఎంసెట్ గైడ్లు, పదేళ్ళ కిందటి జావా పుస్తకాలు, వంటల పుస్తకాలు, ఎక్కడో అమెరికాలో లైబ్రరీ స్టాంపు పడి ఓడెక్కి వచ్చిన నవలలు, అన్నీ ఒకే గుట్టలో. ఆ గుట్టలోంచి ఇటుకంత లావు నవల ఒకటి లాగాను. అట్ట మీద కత్తి పట్టుకున్న అమ్మాయి, వెనక నిప్పు కక్కే రెక్కల జంతువు, పైన ఉబ్బెత్తు బంగారు అక్షరాలు. మూడో భాగం అని రాసుంది. రెండొందలు చెప్పాడు, ఎనభైకి దిగాడు. "ఏక్ ఔర్ దో కిధర్ హై భాయ్?" అంటే, "పెహ్లే యే తో పఢో సాబ్, వో భీ ఆజాతే" అన్నాడు. మొదటి రెండు భాగాలు చదవకుండా మూడోది చదవమని నాకు ధైర్యం చెప్పిన మనిషి జీవితంలో అతనొక్కడే.

పుస్తకం పేరు చెప్పను. చెప్తే మీరు వెంటనే ఫోన్ తీసి రేటింగ్ చూస్తారు, చూశాక నేను చెప్పేది వినరు.

నేను ఉండేది హబ్సిగూడలో, ఆఫీసు మాదాపూర్ వైపు. మెట్రోలో హైటెక్ సిటీ దాకా ముప్పావుగంట అటూ ఇటూ, సీటు దొరికితే అదే నా లైబ్రరీ. ఆ నవలలో 19వ చాప్టర్‌లో హీరోయిన్ గుర్రం కొండ మీంచి జారి లోయలో పడి చచ్చిపోతుంది. అర పేజీ రాశాడు దాని చావు గురించి, బాగా రాశాడు, నాకు గొంతు పట్టేసింది కూడా. తర్వాత 31వ చాప్టర్‌లో ఆ అమ్మాయి శత్రువుల కోటలోంచి పరిగెత్తుకుంటూ వచ్చి ఒక్క ఉదుటున గుర్రమెక్కుతుంది. అదే గుర్రం, అదే పేరు, నుదుటి మీద అదే తెల్లమచ్చ. నేను వెనక్కి తిప్పి చూసుకుని మళ్ళీ ముందుకొచ్చేసరికి కనపడింది, పేజీ అంచున పెన్సిల్‌తో, తెలుగులో, ఎవరో రాసిపెట్టారు: "ఇది చచ్చింది కదరా!"

బేగంపేట దగ్గర ట్రైన్‌లో పైకే నవ్వేశాను, పక్కనాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

ఈ ఊళ్ళోనే ఎవరో, నాకంటే ముందు, ఇదే పుస్తకం చదివి ఇదే గుర్రం దగ్గర ఆగారన్నమాట. నాకు నచ్చింది ఏంటంటే, వాళ్ళు అక్కడ ఆగిపోలేదు. అదే పెన్సిల్ ఇంకో అరవై పేజీల తర్వాత వంతెన మీద యుద్ధం దగ్గర మళ్ళీ కనపడింది, నాలుగు పేజీల పొడుగునా అంచున గీత, ఆ గీత చివర "అబ్బా" అని ఒక్క మాట. 702వ పేజీ దగ్గర రంగు పోయిన సిటీ బస్సు టికెట్. మొత్తం పుస్తకం 712 పేజీలు. అంటే గుర్రం విషయంలో రచయితని తిట్టిన మనిషి బస్సులో నించొనైనా సరే చివరిదాకా చదివాడు, లేదా చదివింది.

ఇదే నా పరిస్థితి కూడా. ఇట్లాంటి పుస్తకాలంటే, అంటే కత్తులు, మంత్రాలు, ముట్టడులు, ద్వంద్వయుద్ధాలు, పది పేజీలకొకసారి ఎవరో ఒకరు ఎవరి మీదో దూకే ఫాంటసీ నవలలంటే నాకు పిచ్చి, వాటిల్లో తప్పులు గుట్టలు గుట్టలుగా ఉంటాయనీ తెలుసు. నేను పద్నాలుగేళ్ళుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, తప్పులు పట్టడం నా జీతం. ఈ మూడో భాగంలోనే చూడండి, నాలుగో చాప్టర్‌లో ఆకాశంలో మూడు చందమామలు, ఇరవై ఆరులో రెండు. వెళ్ళేటప్పుడు మూడు రోజులు పట్టిన దారి వచ్చేటప్పుడు ఒక్క రాత్రి. కంటిచూపుతో ఏనుగుని కూల్చిన మాంత్రికుడు ఆఖర్న హీరోయిన్‌తో కర్రసాము చేస్తాడు, ఎందుకో తెలీదు, బహుశా కళ్ళజోడు మర్చిపోయుంటాడు. అందరూ ప్రతిదానికీ దవడ బిగిస్తుంటారు. నలభై ఒక్కసార్లు దవడ బిగించారు, లెక్కపెట్టాను.

మా టీమ్‌లో పిల్లలకి చెప్తే వెంటనే ఒక మాట అంటారు, "సార్, అట్లాంటివి బుర్ర పక్కనపెట్టి చదవాలి". ఇంటికొస్తే మా ఆవిడా అదే అంటుంది, కాకపోతే ప్రేమగా. నాకు వచ్చిన చిక్కంతా ఈ మాటతోనే. దీనికి అన్నలాంటి ఇంకో మాట ఉంది, "గిల్టీ ప్లెజర్" అని. మొదటిదేమో నువ్వు చదివేటప్పుడు ఆలోచించట్లేదు అంటుంది, రెండోదేమో ఆలోచిస్తే సిగ్గుపడతావు అంటుంది. రెండూ అబద్ధాలే. బుర్ర పక్కనపెట్టి చదివితే ఆ గుర్రం చచ్చిందని నాకు గుర్తే ఉండదు కదా? చందమామలు లెక్కపెట్టేది ఎవరు మరి, మోచెయ్యా? ఇంతా చేస్తే నాకు సరదా కలిగించిన భాగం కూడా బుర్ర పనిచేస్తేనే అందుతుంది. ఆ వంతెన యుద్ధమే చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి.

రాతి వంతెన, ఒక్క బండి పట్టే వెడల్పు, వాన. ఇటువైపు ఈ అమ్మాయి, ఆమె వెనక నడవలేని ముసలి గురువు. అటువైపు పదకొండుమంది. ఈ లోకంలో మంత్రానికి ఒక రూలుంది, మంత్రం వేసిన ప్రతిసారీ ఒంట్లో వేడి పోతుంది, రెండు మంత్రాలు వేస్తే చేతివేళ్ళు కొయ్యబారిపోయి వంగవు. ఈ సంగతి రచయిత 40వ పేజీలోనే ఏదో వంటింటి సీన్‌లో, పిండి కలుపుతుండగా, మాటల్లో మాటగా చెప్పేశాడు, మనం మర్చిపోయాం. ఇప్పుడు వంతెన మీద ఆమెకి రెండే దార్లు. మంత్రం వేస్తే కత్తి జారిపోతుంది, కత్తి పట్టుకుంటే పదకొండుమందిని ఒక్కతే ఆపలేదు. ఎడమ భుజం అంతకు ముందు చాప్టర్‌లోనే జారింది కాబట్టి ఉన్నది ఒక్క చెయ్యి. అప్పుడు ఆమె ఏం చేస్తుందంటే, తలకి కట్టుకున్న గుడ్డ విప్పి, పళ్ళతో ముడి బిగించి, కత్తి పిడిని అరచేతికి కట్టేసుకుంటుంది. కట్టుకున్నాక మంత్రం వేస్తుంది. మొదటి మంత్రానికి వంతెన మీద వాన నీళ్ళు గడ్డకడతాయి, ముందు వరసలో ముగ్గురు జారిపడతారు. రెండో మంత్రానికి తన వేళ్ళు పిడి చుట్టూ బిగుసుకుపోతాయి. ఇంక ఆ కత్తి ఆమె వదలాలన్నా వదలదు. నాకు అక్కడ ఒళ్ళు జలదరించింది. పెన్సిల్ మనిషి "అబ్బా" అని రాసింది సరిగ్గా అక్కడే.

యుద్ధం అయిపోయాక ఇంకో పేజీ ఉంది, అది ఇంకా బాగుంటుంది. గెలిచింది కానీ చెయ్యి తెరుచుకోదు. ముసలాయన అక్కడే పొయ్యి రాజేసి, వేడి గంజి కొంచెం కొంచెంగా పోస్తూ, ఒక్కొక్క వేలూ విప్పుతాడు. చిటికెన వేలు ముందు. మాటల్లేవు. బొటనవేలు విడిపోయేసరికి తెల్లారుతుంది.

ఇది బుర్ర పక్కనపెట్టి చదివేదా? ఎవరు ఎటు నించున్నారు, ఏ చెయ్యి పనిచేస్తోంది, ఎన్ని మంత్రాలు అయ్యాయి, ఎంతమంది మిగిలారు, ఇవన్నీ చదివేవాడి తలలో నడుస్తుంటేనే ఆ ముడికి విలువ. కబడ్డీ చూస్తున్నవాడిని అడగండి. రెయిడ్‌కి 30 సెకండ్లు, అవతల ఎంతమంది ఉన్నారు, బోనస్ లైను దాటాడా లేదా, మూలన ఉన్నవాడు మడమ పడతాడా, అన్నీ ఒకేసారి లెక్కేస్తూ ఊపిరి బిగబట్టి చూస్తాడు. వాడిని పట్టుకుని "బుర్ర ఇంట్లో పెట్టొచ్చావా" అనరు కదా. మంచి ఫైట్ రాయడం చాలా కష్టమైన పని. ప్రతి దెబ్బకీ ఏదో ఒకటి మారాలి, చోటో బలమో మనసో. మారకపోతే అది ఫైట్ కాదు, ఎవరో పప్పు రుబ్బుతున్నట్టు ఉంటుంది. గుడ్డి తప్పులు రాసే రచయితే ఇది ఇంత శ్రద్ధగా ఎట్లా రాశాడో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

ఇప్పుడు నాకనిపించేది ఏంటంటే, రెండూ ఒకే మనిషి చేసే ఒకే పని. ఈ రకం రచయిత ముందుకే చూస్తాడు. తర్వాతి సీన్ వేడి మీదుండగానే దూకెయ్యాలి, వెనక్కి తిరిగి చందమామలు లెక్కపెట్టుకునే ఓపిక ఉండదు. ఆ తొందరే గుర్రాన్ని బతికించింది, ఆ తొందరే పళ్ళతో ముడి కట్టించింది. ఈ బాపతు కథలకి మూలపురుషుడు అనదగ్గ రాబర్ట్ ఇ. హోవర్డ్ సంగతే చూడండి. టెక్సస్‌లో క్రాస్ ప్లెయిన్స్ అనే చిన్న ఊళ్ళో కూర్చుని చవక కాగితపు పత్రికలకి పదానికింత అని డబ్బులకి రాశాడు. కోనన్ అనే వీరుడు మొదటిసారి అచ్చయింది వియర్డ్ టేల్స్ పత్రిక 1932 డిసెంబర్ సంచికలో. ఆ మొదటి కథ కూడా కొత్తది కాదు, అంతకుముందు అమ్ముడుపోకుండా వెనక్కొచ్చిన వేరే రాజు కథని తిరగరాసి పేరు మార్చి పంపాడు. మొదటి కథలో కోనన్ అప్పటికే సింహాసనం ఎక్కిన రాజు, తర్వాత కొన్ని నెలలకి వచ్చిన కథలో గోడలెక్కే కుర్ర దొంగ. వరస లేదు, వావి లేదు. హోవర్డ్ 1936లో 30 ఏళ్ళకే పోయాడు. ఈ తరహాకి "కత్తి-మంత్రం" అనే అర్థం వచ్చే ఇంగ్లీషు పేరు అమెరికన్ రచయిత ఫ్రిట్జ్ లైబర్ పెట్టింది 1961లో, అంటే హోవర్డ్ పోయిన పాతికేళ్ళకి. ఆ తర్వాత 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట వచ్చింది, ఈ కథలనే పాచికలతో ఆడుకునేట్టు చేసింది, ఆ ఆట లెక్కలు మళ్ళీ నవలల్లోకి వచ్చాయి. మా టీమ్‌లో కుర్రాళ్ళు ఫోన్‌లో చదివే "లెవెల్ పెరిగింది" టైపు వెబ్ నవలలన్నిటికీ తాత అదే.

ఇది తెల్లవాళ్ళ సరుకు అనుకునేవాళ్ళకి పాతబస్తీ సంగతి ఒకటి చెప్పాలి. మా ఆఫీసులో యాకుత్‌పురా నుంచి వచ్చే స్నేహితుడొకడు, ఇట్లాంటి పుస్తకం నా టేబుల్ మీద చూసి, "అరె భాయ్, ఇది మా దాదా చెప్పే దాస్తానే కదా" అన్నాడు. అమీర్ హంజా దాస్తాన్ అని ఉర్దూలో ఒక పెద్ద వీరగాథ ఉంది, లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ వాళ్ళు 46 సంపుటాలుగా అచ్చేశారు. నలభై ఆరు! మూడో భాగం చూసి నేను భయపడ్డాను. అంతకు చాలా ముందే అక్బర్ చక్రవర్తి ఇదే కథకి 1400 దాకా బొమ్మలు వేయించాడు. దాస్తాన్‌కి నాలుగు దినుసులు ఉండాలట, రజ్మ్, బజ్మ్, తిలిస్మ్, అయ్యారీ. అంటే యుద్ధం, కొలువు ముచ్చట్లు, మాయ, మారువేషాల టక్కరితనం. యుద్ధం అనేది చదివేవాడి బలహీనత అని వాళ్ళు అనుకోలేదు, వంటలో ఉప్పులాగా లెక్కలో వేసుకున్నారు. సంపుటాల పొడుగునా తిలిస్ములు కూలుతుంటాయి, మాంత్రికులు పుట్టుకొస్తుంటారు, వీరుడు చెర పడతాడు, అయ్యార్ విడిపిస్తాడు, మళ్ళీ పడతాడు. ఎడిటర్ ఉంటే సగం కొట్టేసేవాడు. కొట్టేస్తే దాస్తాన్ మిగలదు.

మనకి చందమామ ఉండేది. 1947 జూలైలో మొదలైన పత్రిక అది, మా అమ్మమ్మగారింట్లో పాత సంచికలు కుట్టించిన బైండు పుస్తకాలుండేవి, చివరి పేజీలు ఎప్పుడూ ఉండేవి కావు. అందులో జానపద సీరియల్స్ దాసరి సుబ్రహ్మణ్యం గారు రాసేవారని, 'తోకచుక్క'తో 1954లో మొదలెట్టారని నాకు పెద్దయ్యాక తెలిసింది, ఎందుకంటే అప్పట్లో సీరియల్ మీద ఆయన పేరే వేసేవాళ్ళు కాదు. మాంత్రికుడు కత్తెత్తిన చోట ఆగిపోయేది, నెల రోజులు ఆ కత్తి గాల్లోనే. చిత్రా గారి బొమ్మలో ఆ కత్తి ఇంకా గాల్లోనే ఉంది నాకు. మా అమ్మమ్మని "మరి అంత అడవిలో వాళ్ళు అన్నం ఎక్కడ తిన్నారు?" అని అడిగితే, "కథకి కాళ్ళుండవు, ముంతకి చెవులుండవు, పడుకో" అనేది. జానపద బ్రహ్మ విఠలాచార్య గారి గురించి కూడా ఇట్లాంటిదే ఒక కథ చెప్పుకుంటారు, హీరో కాల్షీట్లు ఇవ్వకపోతే మంత్రగాడి చేత చిలకనో మేకనో చేయించి సినిమా నడిపించేసేవారని. నిజమో కాదో గానీ, నమ్మాలనిపించే అబద్ధం.

మా మేనమామ నల్లగొండలో తెలుగు లెక్చరర్‌గా రిటైరయ్యాడు. సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు నా టేబుల్ మీద ఈ పుస్తకం చూసి అట్ట తిప్పి, "ఏందిరా ఇది, నలభై ఏండ్లొచ్చినయ్, ఇంకా కత్తుల బొమ్మలేనా" అన్నాడు. మామయ్యకి భారతంలో తిక్కన గారి యుద్ధపర్వాలంటే ప్రాణం, పద్యాలు గొంతెత్తి చదువుతాడు. నేను ఊరుకోలేదు. "మామయ్యా, పద్మవ్యూహంలో అభిమన్యుడికి లోపలికెళ్ళడం తెలుసు, బయటికి రావడం తెలీదు, ఆ ఒక్క రూలు మీదే కదా ఆ యుద్ధమంతా నడిచేది? విల్లు పోయి, కత్తి పోయి, చివరికి రథచక్రం ఎత్తుకున్నప్పుడు నీకు గొంతు ఎందుకు వణుకుతుంది?" అన్నాను. "అది భారతం రా" అన్నాడు. "ఇది భారతమంత గొప్పదని నేననట్లే, వణికే నరం మటుకు అదే అంటున్నా" అన్నాను. మామయ్య చాయ్ తాగి, "వీరరసానికి స్థాయీభావం ఏంది చెప్పు" అన్నాడు, పరీక్ష పెడుతున్నట్టు. ఉత్సాహం అని చెప్పాను. "గుర్తుందన్నమాట" అని పేపర్ తీసుకున్నాడు. ఒప్పుకున్నట్టా కాదా తెలీదు, మామయ్య ఎప్పుడూ అంతే. నాకు మటుకు ఆ మాట తర్వాత చాలాసేపు తిరిగింది. మన పాతవాళ్ళు ఉత్సాహం అని పేరు పెట్టి రసాల వరసలో కూర్చోబెట్టినదాన్ని మనం గిల్టీ ప్లెజర్ అని పేపర్లో చుట్టి మెట్రోలో చదువుతున్నాం.

అట్లాగని అన్ని తప్పులూ వదిలెయ్యమని కాదు. మా పనిలో ప్రతి బగ్గుకీ ఎంత ప్రమాదమో రాస్తాం. బటన్ రంగు తేడా ఉంటే రిలీజ్ ఆపరు, 'తెలిసిన లోపాలు' అని లిస్టులో వేసి పంపించేస్తారు. డబ్బులు రెండుసార్లు కట్ అయితే మటుకు ఆపాల్సిందే. గుర్రం, చందమామలు, దవడలు, ఇవి బటన్ రంగు. షో స్టాపర్లు, అంటే రిలీజ్ ఆపాల్సిన తప్పులు, వేరే ఉన్నాయి. అడవిలో ఉండే జాతిని మొత్తాన్ని పేర్లు లేని రాకాసి మందలాగా రాసి, హీరో కత్తికి కోతకొచ్చిన చేనులాగా వాడుకున్న పుస్తకాన్ని నేను సగంలో మూసేశాను, ఫైట్లు ఎంత బాగున్నా సరే. వాళ్ళలో ఒక్కడికి పేరు, ఒక తల్లి, ఒక దాహం ఉంటే ఆ ఫైటే ఇంకా బాగుండేది, రాసినవాడికి ఆ మాత్రం తోచలేదు. ఆడమనిషిని చివరి చాప్టర్‌లో గెలిచిన కప్పులాగా హీరో చేతికిచ్చే పుస్తకాలు, వాటిని చదివే వయసు నాకు దాటింది, ఒకప్పుడు చదివాను, పట్టించుకోలేదు కూడా, అది నా తప్పే. ఇంకొకటి, దెబ్బకి ఖరీదు లేని పుస్తకం. హీరో ప్రతి చాప్టర్‌లో బలపడతాడు, ఏదీ పోగొట్టుకోడు, గాయం పడితే పేజీ తిప్పేలోగా మానుతుంది. అందులో ఒక్క తప్పు కూడా ఉండకపోవచ్చు, చందమామలన్నీ లెక్కకి సరిపోవచ్చు, నాకు మటుకు నిద్రొస్తుంది.

టైమ్ లేదు కదా, మంచి పుస్తకాలే బోలెడు చదవకుండా ఉండిపోయాయి, ఇవెందుకు అని అడిగేవాళ్ళు ఉంటారు. మంచి పుస్తకాలూ చదువుతాను బాబూ. పండగ భోజనం తిన్నవాడు సాయంత్రం బండి మీద మిర్చి బజ్జీ తినకూడదని ఎక్కడా లేదు, పైగా బజ్జీ బాగా వేసేవాడు ఎవడో, నూనె మరిగించి మరిగించి వేసేవాడు ఎవడో నాలుక్కి తెలుస్తుంది.

ఇంక మిగిలింది గుర్రం సంగతి. మొదటి రెండు భాగాలు అబిడ్స్‌లో ఇప్పటికీ దొరకలేదు, అతను ప్రతిసారీ "ఆజాతే సాబ్" అంటూనే ఉన్నాడు. నాలుగోది ఆన్‌లైన్‌లో కొత్తదే కొన్నాను, పూర్తి ధరకి, మా ఆవిడకి చెప్పలేదు. పోయిన వారం మొదలుపెట్టాను. 60వ పేజీకల్లా కోట ముట్టడి, గోడలకి నిచ్చెనలు వేశారు, పైనుంచి సలసల కాగే నూనె, హీరోయిన్ చెయ్యి ఇంకా పూర్తిగా వంగట్లేదు, చిటికెన వేలు అసలు వంగదు, దాంతో కత్తి పట్టు మార్చుకుంది, అది గుర్తుపెట్టుకుని రాశాడు రచయిత, ఎంత సంతోషమేసిందో. అంతలో ఆమె కింద గుర్రాన్ని చూస్తుంది. చూసి, కథ ఆపి, గుర్తు చేసుకోవడం మొదలుపెడుతుంది. ఎవరో పాఠకులు ఉత్తరాలు రాసినట్టున్నారు. లోయలో పడింది ఆ గుర్రం కాదట, దానికి కవల తమ్ముడొకటి ఉందట, రెండిటికీ ఒకే పేరు ఎందుకు పెట్టాల్సొచ్చిందంటే వాళ్ళ నాన్నకి చిన్నప్పుడొక గుర్రం ఉండేదట, ఆ గుర్రం పుట్టిన ఊరేమో ఎక్కడో ఉత్తరాన ఉందట. నాలుగు పేజీలు. నేను హైటెక్ సిటీలో దిగడం మర్చిపోయి రాయదుర్గం దాకా వెళ్ళిపోయాను, అక్కడ ట్రైన్ ఖాళీ అయ్యేదాకా చదివినా ఆ గుర్రాల వంశవృక్షం పూర్తవలేదు. నిచ్చెనల మీద సైన్యం అట్లాగే ఒక కాలు పైకెత్తి నిలబడి ఉంది. పెన్సిల్ తీసి అంచున రాశాను, "చచ్చిందే బాగుండెరా".